హాస్టల్లో మన పిల్లలు

పోయిన ఆదివారం సాయంత్రం మా ఎదురింటి అక్కయ్యగారు కళ్ళు తుడుచుకుంటూ మా ఇంటికొచ్చారు. వాళ్ళ అమ్మాయిని జూన్ నెలలో రెసిడెన్షియల్ స్కూల్లో ఆరో తరగతిలో చేర్పించారు. చేర్పించి ఇంకా మూడు వారాలన్నా కాలేదు. "ఫోన్లో ఒకటే ఏడుపు. వచ్చి తీసుకుపొమ్మంటుంది. వాళ్ళ నాన్నగారేమో రేపే వెళ్దామంటున్నారు. నువ్వు హాస్టల్లో చదువుకున్నదానివి, మీ చిన్నమ్మాయినీ వేశావు. మీ అమ్మాయి ఒక్కసారీ ఏడవలేదన్నావు కదా, ఏం చేశావేమిటి?" అని అడిగారు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏమంటే, మా అమ్మాయి ఏడవకపోవడం వల్ల వచ్చిన తిప్పలు ఆవిడకి తెలియవు. ఆ సంగతి తరవాత చెబుతాను. ముందు అసలు ఈ హాస్టలు బడి అంటే ఏమిటో, అందులో పిల్లల రోజు ఎలా గడుస్తుందో కాస్త చెప్పుకుందాం. ఎందుకంటే, పిల్లల్ని పంపించే మనలో చాలామందికి ఆ గేటు దాటి లోపల ఏం జరుగుతుందో తెలియదు. చేర్పించిన రోజున ఆఫీసుగది, భోజనాల హాలు, పిల్ల మంచం చూసి వచ్చేస్తాం.

ఇల్లు విడిచి చదువుకోవడం మనకి కొత్తేమీ కాదు. మా తాతగారు వారాలు చేసుకుని చదువుకున్నారట. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం మరొకరింట్లో. ఏదో ఒక ఇంట్లో ఆ రోజు ఊరికి వెళ్ళారంటే ఆ పూట మంచినీళ్ళే. తరవాత తరవాత పట్నాల్లో హాస్టళ్ళు వచ్చాయి. హైదరాబాదులో రెడ్డి హాస్టలు 1918లో పెట్టారు. పల్లెల నుంచి చదువుకోసం వచ్చిన ఎందరో పిల్లలకి అది నీడనిచ్చింది. అయితే అక్కడ ఉండేదొకచోట, చదివేదొకచోట. బడీ, వసతీ, మాష్టర్ల ఇళ్ళూ అన్నీ ఒకే ఆవరణలో పెట్టి, పల్లెటూరి తెలివైన పిల్లలకి ఖర్చు లేకుండా చదువు చెప్పే ప్రభుత్వ గురుకుల పాఠశాల మన తెలుగునాట 1971లో మొదలైంది. పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేలులో తెరిచారు. ఆ మరుసటేడు గుంటూరు జిల్లా తాడికొండలోనూ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్ళిలోనూ వచ్చాయి. ఆ తరవాత కేంద్ర ప్రభుత్వంవారి నవోదయ విద్యాలయాలు 1986 నాటికి మొదలయ్యాయి. వాటిలో ఆరో తరగతికి పరీక్ష పెట్టి తీసుకుంటారు. నూటికి 75 సీట్లు పల్లె పిల్లలకి, మూడోవంతు ఆడపిల్లలకి ఉండాలని నియమం. తొమ్మిదో తరగతిలో కొంతమంది పిల్లల్ని ఏడాదిపాటు వేరే భాష మాట్లాడే రాష్ట్రానికి పంపిస్తారు కూడా. మధ్యలో బడి మానేసిన ఆడపిల్లలకోసం కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలు 2004లో వచ్చాయి. సాంఘిక సంక్షేమ, గిరిజన, వెనుకబడిన తరగతుల, మైనారిటీ గురుకులాలు ఇవిగాక ఉన్నాయి. ఇక ప్రైవేటువాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, బస్సెక్కి కిటికీలోంచి చూస్తే అన్నీ వాళ్ళ బోర్డులే.

వీటిల్లో చదివి పైకొచ్చినవాళ్ళు తక్కువమందేం కాదు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామం పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే నెలలో ఎవరెస్టు శిఖరం ఎక్కింది. అప్పటికి ఆ పిల్లకి 14 ఏళ్ళు కూడా నిండలేదు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటున్న పిల్ల. తల్లిదండ్రులు కూలిపని చేసుకునేవాళ్ళు. అంచేత హాస్టలనగానే జైలు అని అనుకోవద్దు. స్వర్గమనీ అనుకోవద్దు.

నేను 1990లో అయిదో తరగతిలో చేరాను. మా ఊరి బస్టాండులో మా అమ్మ ఏడవలేదు, నేనే ఏడ్చాను. చేతిలో ఇనప ట్రంకుపెట్టె. అందులో రెండు జతల యూనిఫారాలు, పళ్ళెం, గ్లాసు, దుప్పటి, కొబ్బరినూనె సీసా, బట్టల సబ్బు, ఒంటి సబ్బు. పైన ఆవకాయ జాడీ గుడ్డలో మూటకట్టి. ప్రతి బట్ట మీదా ఎర్రదారంతో నా నంబరు కుట్టించారు. ఇప్పటికీ మా ఇంట్లో పాత దుప్పటొకటి ఉంది, మూలన 47 అని.

పొద్దున్న అయిదింటికి గంట. చలికాలంలో ఆ గంట వింటే ప్రాణం పోయేది. లేచి వరసలో నిలబడి పళ్ళు తోముకోవడం, కసరత్తు, ఆ తరవాత స్నానాలకి పరుగు. బకెట్టు ముందు పెట్టినవాళ్ళదే వంతు. అందుకని రాత్రే బకెట్లు వరసలో పెట్టేవాళ్ళం. అప్పుడు గంటసేపు చదువు, తరవాత ఉప్మా. ఉప్మా ఎలా ఉండేదో అడక్కండి. మా వారు ఇప్పటికీ నన్ను ఉప్మా చెయ్యమని అడగరు, నేను తిననని తెలుసు గనక. బడి, మధ్యాహ్నం అన్నం, పప్పు, నీళ్ళ మజ్జిగ. సాయంత్రం నాలుగింటికి బడి వదిలితే ఆరింటిదాకా ఆటలు. ఆరున్నర నుంచి తొమ్మిదిదాకా భోజనం, చదువు. తొమ్మిదిన్నరకి దీపాలు ఆర్పేసేవాళ్ళు. ఇప్పటి బళ్ళలో వేళలు ఓ అరగంట అటూ ఇటూ అవుతాయేమోగాని, దినచర్య ఇంచుమించు ఇదే. తిండి మాత్రం మెరుగయింది. వారంలో కొన్నిరోజులు గుడ్డు, ప్రభుత్వ గురుకులాల్లో కోడికూర కూడా పెడుతున్నారు. మా రోజుల్లో ఏ పండక్కో పులిహోర చేస్తే అదే విందు.

ఇందులో పిల్లలకి కష్టమైన వేళ ఏది అంటే అందరూ పొద్దున్న లేవడం అంటారు. కాదండీ. సాయంత్రం ఆటలయ్యాక, దీపాలు పెట్టే వేళకి, చేతిలో పని లేని ఆ పావుగంట. ఇంటి దగ్గర ఆ వేళకి ఏం జరుగుతూ ఉంటుందో పిల్లకి తెలుసు. అమ్మ స్టవ్ వెలిగిస్తుంది, తమ్ముడు అల్లరి చేస్తూ ఉంటాడు, నాన్న బండి చప్పుడు వినిపిస్తుంది. ఆ వేళకే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. నేను మొదటి నెలంతా ఆ వేళకి వేపచెట్టు వెనకాల నిలబడేదాన్ని. అక్కడికి మరో ఇద్దరు కూడా వచ్చేవాళ్ళు. ముగ్గురం మాట్లాడుకోకుండా ఏడ్చేవాళ్ళం. అలాగే స్నేహితులమయ్యాం. వాళ్ళలో ఒకావిడ కర్నూలు పిల్ల, రెండో ఆవిడ శ్రీకాకుళం పిల్ల. ముగ్గురి మాటా మూడు రకాలు. ఒకరి మాటకి ఒకరం నవ్వుకుంటూ నవ్వుకుంటూ ఏడుపు మరిచిపోయాం. ఎవరి కులమేదో పదో తరగతిదాకా ఒకరికొకరం అడగలేదు. ముగ్గురి పచ్చళ్ళూ ఒకే పళ్ళెంలో. ఇది హాస్టలు మాత్రమే ఇవ్వగలిగింది అని నేను నమ్ముతాను.

అందుకే ఎదురింటి అక్కయ్యగారితో చెప్పాను, "ఏడవనివ్వండి. మూడు వారాలకి ఏడుస్తోందంటే ఇంటి మీద ధ్యాస ఉంది, అది మీతో చెప్పుకుంటోంది. మీరు ఏడవకుండా వినండి. అన్నం తింటోందా, నిద్ర పడుతోందా, పక్కన ఎవరైనా స్నేహితురాలు కుదిరిందా కనుక్కోండి. ఈ మూడూ ఉంటే ఇంకో నెల చూడండి. మూడింటిలో ఏదీ లేదంటే అప్పుడు వెళ్ళి చూసి ఆలోచించుకోండి" అని.

మరి ఏడవని పిల్ల సంగతి. పోయిన ఏడు మా చిన్నమ్మాయిని ఆరో తరగతిలో హాస్టలున్న బడిలో వేశాం. బడి పేరు చెప్పను, చెప్పి ప్రయోజనమూ లేదు, అలాంటివి చాలా ఉన్నాయి. సెల్‌ఫోన్లు పిల్లల దగ్గర ఉండనివ్వరు. వార్డెను గదిలో ఫోను ఒకటి. ఆదివారం ఒక్కొక్కరికి అయిదు నిముషాలు. నేను ప్రతి ఆదివారం అడిగేదాన్ని, "ఎలా ఉన్నావే?" అని. "బాగున్నానమ్మా" అనేది. "బాగా తింటున్నావా?" "తింటున్నానమ్మా." "చదువుకుంటున్నావా?" "ఆఁ." ఇక్కడికి రెండు నిముషాలు. తరవాత తమ్ముడు, నాన్న. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. నా కూతురు నాలాగ ఏడుపుగొట్టుది కాదు, గట్టిపిల్ల అని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను.

దసరా ముందు ఒకరోజు వార్డెను దగ్గర్నుంచి ఫోను. జ్వరం, నాలుగు రోజులుగా తగ్గడం లేదు, వచ్చి తీసుకువెళ్ళమని. వెళ్ళేసరికి పిల్ల వడలిపోయి ఉంది. నడుం నొప్పి, పొత్తికడుపు నొప్పి, మూత్రానికి వెళ్తే మంట. డాక్టరుగారు పరీక్ష చేయించి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అన్నారు. మందులిచ్చారు, తగ్గింది. కాని ఎందుకొచ్చిందో ఆవిడ పిల్లనే అడిగారు, "నీళ్ళు తాగుతావా అమ్మా?" అని. పిల్ల నా వంక చూసి తలవంచుకుంది. సాయంత్రం నాలుగింటి తరవాత చుక్క నీళ్ళు తాగడం లేదట. బాత్‌రూములు భవనం వెనకాల ఉన్నాయి, అక్కడ దీపం లేదు, తలుపు గడియ విరిగిపోయింది. రాత్రి లేవాల్సి వస్తుందని భయం. రాత్రంతా ఆపుకుని పొద్దున్న అయిదింటికి, అందరితోపాటు. ఇలా మూడు నెలలు.

డాక్టరుగారు విడమరిచి చెప్పారు. మీకూ చెబుతాను, ఎందుకంటే ఇది హాస్టలు ఆడపిల్లల్లోనే కాదు, బాత్‌రూము బాగాలేని ఏ బడికి వెళ్ళే ఆడపిల్లకైనా వచ్చే జబ్బు. ఆడవాళ్ళకి మూత్రం బయటికి వచ్చే దారి పొట్టిగా ఉంటుంది. బయటి సూక్ష్మక్రిములు తేలిగ్గా లోపలికి చేరతాయి. మామూలుగా నీళ్ళు బాగా తాగి, వచ్చినప్పుడల్లా వెళ్తే అవి కొట్టుకుపోతాయి. నీళ్ళు తగ్గించి, గంటల తరబడి ఆపుకుంటే అవి అక్కడే పెరుగుతాయి. నిర్లక్ష్యం చేస్తే మూత్రపిండాల దాకా పాకుతుంది. చలితో జ్వరం, నడుం పక్కల నొప్పి, వాంతులు ఉంటే ఒక్కరోజు కూడా ఆగకూడదన్నారు.

ఆ రాత్రి పిల్లని పక్కలో పడుకోబెట్టుకుని, "మరి నాకెందుకు చెప్పలేదే?" అంటే, అది అన్న మాట నేను మరిచిపోలేను. "నా వెనకాల పదిమంది నిలబడి ఉంటారమ్మా. వార్డెనుగారు పక్కనే కూర్చుంటారు. బాత్‌రూము సంగతి ఎలా చెప్పను? అదీగాక, నువ్వు అందరికీ నేను గట్టిదాన్నని చెప్తున్నావుగా."

అసలు సిగ్గు నాకెక్కడొచ్చిందంటే, సరిగ్గా ఇదే పని నేనూ చేశాను. 1991లో నేను కూడా సాయంత్రం మజ్జిగ మానేశాను, రాత్రి వేపచెట్టు దాటి వెళ్ళడం భయమని. అమ్మకి ఇన్‌లాండు కవరు మీద నెలకో ఉత్తరం రాసేదాన్ని. "నేను క్షేమం, మీరు క్షేమమని తలుస్తాను." ఉత్తరాలు టీచరు చూసి పోస్టు చేయించేది. దాంట్లో ఏం రాస్తాం? ముప్ఫై నాలుగేళ్ళ తరవాత నా కూతురు ఫోనులో "బాగున్నానమ్మా" అంటే, అది ఆ ఇన్‌లాండు కవరు వాక్యమే అని నాకు తట్టలేదు. పెద్దయ్యాక హాస్టలు రోజులు తలుచుకుంటే పచ్చడి జాడీ, స్నేహితులు, దొంగతనంగా కోసిన జామకాయలే గుర్తొస్తాయి. చీకట్లో భయం మనసు ఎక్కడ దాచేస్తుందో తెలియదు.

కనక ఇప్పుడు నేను "ఎలా ఉన్నావు" అని అడగడం మానేశాను. ఒక ఆదివారం నీళ్ళ గురించి అడుగుతాను, ఇవాళ ఎన్ని గ్లాసులయ్యాయి అని. ఇంకో ఆదివారం సబ్బు ఎంత మిగిలిందని. సబ్బు అరగలేదంటే స్నానం లేదన్నమాట, లేదూ బకెట్టు ఎవరో తీసుకున్నారన్నమాట. నీ పక్క మంచం పిల్ల ఎవరు, అది మారిందా? కూరలో ఏం పడేసి లేస్తున్నావు? రాత్రి లేస్తే ఎవర్ని లేపుతావు? ఇలాంటి చిన్న ప్రశ్నలకి పిల్ల అబద్ధం చెప్పదు, ఎందుకంటే అందులో దాచాల్సిందేమీ కనపడదు. వెనకాల నిలబడ్డవాళ్ళకీ అర్థం కాదు. అదిగాక మేమిద్దరం ఒక మాట పెట్టుకున్నాం. ఏదైనా చెప్పలేని సంగతి ఉంటే, "అమ్మమ్మకి ఒంట్లో ఎలా ఉంది?" అని అడగమన్నాను. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ మాట వినబడితే మర్నాడే నేను అక్కడుంటాను.

చూడటానికి వెళ్ళే రోజు సంగతి కూడా చెప్పాలి. చాలా బళ్ళలో నెలకో ఆదివారం రానిస్తారు. మనం ఏం చేస్తాం? క్యారియరు నిండా వండి తీసుకెళ్తాం. పిల్ల తింటూ ఉంటే చూస్తూ కూర్చుంటాం. కట్టుకెళ్ళింది తినిపించడం మంచిదే, కాని ముందు పిల్ల చేతులు చూడండి. వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర చిన్న చిన్న పొక్కులు ఉండి, రాత్రిళ్ళు దురద ఎక్కువైతే అది గజ్జి. హాస్టళ్ళలో ఒకరినుంచి ఒకరికి పాకుతుంది. మన పిల్లకి మందు రాసి పంపిస్తే చాలదు. ఒకే గదిలో పడుకునే పిల్లలంతా ఒకే రాత్రి, డాక్టరు ఇచ్చిన మందు మెడ కింద నుంచి పాదాల దాకా రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు అన్నీ వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యాలి. ఒక్కరు తప్పినా పదిరోజుల్లో మళ్ళీ మొదటికొస్తుంది. ఈ మాట వార్డెనుకి మర్యాదగా చెప్పండి. పేలకీ అంతే, అందరికీ ఒకేసారి.

తరవాత, పిల్ల మంచం మీద కూర్చుని పరుపు చూడండి. పెద్దపిల్లలైతే నెలసరికి కావలసినవి ఎక్కడ దొరుకుతాయి, వాడినవి ఎక్కడ వెయ్యాలి అని సిగ్గుపడకుండా అడగండి. మీ పిల్లతోబాటు ఆ గదిలో ఎవరూ చూడటానికి రాని పిల్ల ఒకతి తప్పకుండా ఉంటుంది. మీ క్యారియరు దగ్గర ఆ పిల్లనీ కూర్చోబెట్టుకోండి. పుణ్యం మాట అటుంచండి, గదిలో ఏం జరుగుతోందో మీ పిల్ల చెప్పనిది ఆ పిల్ల చెబుతుంది. మా అమ్మాయి గదిలో నాకు అలాగే తెలిసింది, బాత్‌రూముకి వెళ్ళలేక ఇద్దరు పిల్లలు పక్క తడుపుతున్నారని, తెల్లారేలోపు దుప్పటి తిరగేసి దాచుకుంటున్నారని.

ఈ సంగతి వార్డెనుతో చెబితే పిల్ల మీద కక్షకడతారేమో అని మనకో భయం. నాకూ ఉండేది. ఒక్కదాన్నే వెళ్ళి అడిగినప్పుడు "చూస్తామమ్మా" అన్నారు, చూడలేదు. మరుసటి నెల నలుగురు తల్లులం కలిసి, పిల్లల పేర్లు చెప్పకుండా, కాగితం మీద రాసి ప్రిన్సిపాలుకి ఇచ్చాం. దీపం, గడియ, రాత్రి ఒక ఆయా ఆ వైపు పడుకోవడం. ఈ మూడే అడిగాం. దీపం వారంలో పెట్టారు. గడియకి రెండు నెలలు పట్టింది. ఆయా సంగతి ఇంకా తేలలేదు, అడుగుతూనే ఉన్నాం.

పిల్లల్ని కొట్టడం, అవమానించడం అయితే ఊరుకోనే కూడదు. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, బడిలో పిల్లల్ని కొట్టకూడదని, మనసు నొప్పించి వేధించకూడదని అందులో స్పష్టంగా ఉంది. "రెండు దెబ్బలు వేసైనా చదివించండి" అని మనమే టీచర్లకి చెప్పి వస్తూ ఉంటాం, అది మానాలి. అంతకన్నా ఘోరమైనవి జరిగితే 2012లో చేసిన పోక్సో చట్టం ఉంది. 1098 అనే నంబరుకి రాత్రీ పగలూ ఎప్పుడైనా డబ్బులేకుండా ఫోను చెయ్యవచ్చు, పిల్లలే చెయ్యవచ్చు. ఆ నాలుగంకెలూ పిల్లకి కంఠతా వచ్చేలా చూడండి. ఎక్కాలు నేర్పినట్టే.

మళ్ళీ పంపించావా అని అక్కయ్యగారు అడిగారు. పంపించానండీ. మా వారు వద్దన్నారు, మా అత్తగారు అసలే వద్దన్నారు. పిల్లనే అడిగాం. రెండు రోజులు ఆలోచించుకుని, వెళ్తానంది. లెక్కల టీచరు బాగా చెబుతుందట, ఖోఖో జట్టులో తీసుకున్నారట. ట్రంకుపెట్టెలో ఈసారి ఆవకాయ సీసా పక్కన ఒక టార్చిలైటు పెట్టాను. దీపం వెయ్యించినా కరెంటు పోతూ ఉంటుంది కదా.

నిన్న ఆదివారం ఫోను చేసింది. నీళ్ళు ఎనిమిది గ్లాసులయ్యాయని నేనడక్కుండానే చెప్పింది. "అమ్మా, ఈసారి వచ్చేటప్పుడు టార్చికి సెల్లులు నాలుగు తీసుకురా" అంది. "నీ టార్చికి రెండే కదే పట్టేది?" అన్నాను. "అయిదో తరగతిలోకి కొత్తగా ఒక పిల్ల వచ్చింది. దానికీ ఒక టార్చి ఉంది గాని సెల్లులు లేవు. రాత్రిళ్ళు దాన్ని నేనే తీసుకెళ్తున్నా" అంది. వెనకాల ఎవరో తొందరపెడుతున్నారు, ఫోను పెట్టేసింది.